సిద్దిపేట అసెంబ్లీ నియోజకవర్గం ఎన్నికల చరిత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

సిద్దిపేట అనగానే చాలామందికి కేసీఆర్, హరీశ్ రావు పేర్లే గుర్తొస్తాయి. వాళ్లకంటే ముందు కూడా ఇక్కడ పెద్ద కథే నడిచింది. ప్రత్యేక తెలంగాణ కావాలన్న మాటను సిద్దిపేట ఓటర్లు పెట్టెలో వేసి మరీ చెప్పారు, అదీ ఒక్కసారి కాదు. అందుకే ఇక్కడి ఎన్నికల చరిత్ర చదవాలంటే సాధారణ ఎన్నికల కన్నా ఉప ఎన్నికలనే ఎక్కువ శ్రద్ధగా చూడాలని నా అభిప్రాయం. బంధువులు, స్నేహితులు, పోటీ పరీక్షలకు చదివే పిల్లలు నన్ను తరచూ అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒక్కచోట పెడుతున్నాను.

సిద్దిపేట నియోజకవర్గంలో ఏయే ప్రాంతాలు ఉన్నాయి?

సిద్దిపేట పట్టణం, దాని చుట్టూ ఉన్న గ్రామాలు, చిన్నకోడూరు, నంగునూరు. 2008 పునర్విభజనలో సిద్దిపేట, చిన్నకోడూరు, నంగునూరు మండలాలతో ఇప్పటి హద్దులు గీశారు. తర్వాత సిద్దిపేట మండలం అర్బన్, రూరల్‌గా విడిపోయింది, నారాయణరావుపేట కొత్త మండలమైంది. మండలాల పేర్లు పెరిగాయి తప్ప నియోజకవర్గం హద్దులు అవే. తెలంగాణ నియోజకవర్గాల జాబితాలో దీని నంబరు 33. జనరల్ స్థానం.

అంతకుముందు ఇది మెదక్ జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరు 11న, దసరా రోజున, సిద్దిపేట జిల్లా ఏర్పడింది.

మొదటి ఎమ్మెల్యే ఎవరు?

ఎడ్ల గురువారెడ్డి. 1952లో హైదరాబాద్ రాష్ట్ర శాసనసభకు పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) తరఫున గెలిచారు. తెలంగాణ సాయుధ పోరాటం అప్పుడప్పుడే ముగిసింది. కమ్యూనిస్టులు సొంత పార్టీ పేరుతో కాకుండా పీడీఎఫ్ పేరుతో బరిలోకి దిగారు. 175 స్థానాలున్న ఆ సభలో కాంగ్రెస్ 93 గెలిచి ప్రభుత్వం ఏర్పాటు చేసింది. పీడీఎఫ్‌కు 42 వచ్చాయి, అందులో సిద్దిపేట ఒకటి. ఈ గడ్డ మొదటి తీర్పే అధికార పార్టీకి ఎదురుగా వచ్చింది. ఈ సంగతి ఈ తరం పిల్లల్లో చాలామందికి తెలియదు. తెలియాలి.

1955లో ఇక్కడ ఎన్నికలు జరిగాయా?

లేదు. 1955 ఎన్నికలు ఆంధ్ర రాష్ట్రానివి. అప్పటికి సిద్దిపేట హైదరాబాద్ రాష్ట్రంలో ఉంది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక, 1957లో తెలంగాణ ప్రాంతంలో మాత్రమే అసెంబ్లీ ఎన్నికలు పెట్టారు. ఆంధ్ర ప్రాంతంలో 1955లో గెలిచినవాళ్లే కొనసాగారు. కోస్తా, రాయలసీమ నియోజకవర్గాల జాబితాలతో పోల్చి చూసేవాళ్లు ఇక్కడే తికమక పడుతుంటారు. 1957లో సిద్దిపేట నుంచి కాంగ్రెస్ అభ్యర్థి పి.వి. రాజేశ్వరరావు గెలిచారు.

ఇప్పటివరకు మొత్తం ఎన్నిసార్లు ఎన్నికలు జరిగాయి?

21 సార్లు. అందులో 16 సాధారణ ఎన్నికలు, 5 ఉప ఎన్నికలు. ఆ అయిదూ 1970, 2001, 2004, 2008, 2010లో జరిగాయి. ఒక నియోజకవర్గానికి అయిదు ఉప ఎన్నికలంటే చాలా ఎక్కువ. మామూలుగా ఎమ్మెల్యే చనిపోతేనో, పెద్ద పదవికి వెళ్తేనో ఉప ఎన్నిక వస్తుంది. ఇక్కడ 2001, 2008, 2010 ఉప ఎన్నికలు తెలంగాణ కోసం చేసిన రాజీనామాల వల్ల వచ్చాయి. 1970 ఉప ఎన్నికలోనూ మాట్లాడింది ఆ ఉద్యమమే.

1970 ఉప ఎన్నికను అంత గొప్పగా ఎందుకు చెప్పుకుంటారు?

1969లో తెలంగాణ అట్టుడికింది. విద్యార్థులు, ఉద్యోగులు రోడ్ల మీదికి వచ్చారు. కాల్పుల్లో వందల మంది ప్రాణాలు పోయాయి. ఆ ఉద్యమంలోంచి పుట్టిన తెలంగాణ ప్రజా సమితికి మొదటి అధ్యక్షుడు అనంతుల మదన్ మోహన్. తర్వాత మర్రి చెన్నారెడ్డి పగ్గాలు తీసుకున్నారు.

1967లో సిద్దిపేట నుంచి కాంగ్రెస్ నేత వి.బి. రాజు గెలిచారు. ఆ స్థానం ఖాళీ అయ్యాక 1970లో ఉప ఎన్నిక పెడితే, ప్రజా సమితి తరఫున మదన్ మోహన్ నిలబడి గెలిచారు. ఉద్యమాన్ని తుపాకులతో అణచినా జనం మనసులో అది చల్లారలేదని లెక్కతో సహా చూపించిన ఎన్నిక అది. మరుసటి ఏడాది, 1971 లోక్‌సభ ఎన్నికల్లో, తెలంగాణలోని 14 స్థానాల్లో 10 ప్రజా సమితి గెలుచుకుంది. సిద్దిపేటలో కనిపించిన గాలి ఏడాది తిరిగేసరికి తెలంగాణ అంతా వీచింది.

1971 సెప్టెంబరులో ప్రజా సమితి కాంగ్రెస్‌లో కలిసిపోయింది. మదన్ మోహన్ కూడా కాంగ్రెస్ మనిషై 1972, 1978, 1983 ఎన్నికల్లో వరుసగా ఇక్కడి నుంచే గెలిచారు. రాష్ట్రంలో మంత్రిగా కూడా పనిచేశారు. ఆ విలీనం గురించి మాట్లాడితే ఇప్పటికీ మా పెద్దవాళ్ల గొంతులో బాధ వినిపిస్తుంది. ఓటు వేసి గెలిపించుకున్న కోరికను ఢిల్లీలో వదిలేసి వచ్చారన్న బాధ అది.

కేసీఆర్ సిద్దిపేటలో ఎప్పుడైనా ఓడిపోయారా?

ఓడిపోయారు. తెలుగుదేశం తరఫున మొదటిసారి పోటీ చేసినప్పుడే, 1983లో. పోటీ చేసింది మదన్ మోహన్ మీద. యువజన కాంగ్రెస్ రోజుల్లో కేసీఆర్ రాజకీయ ఓనమాలు దిద్దుకుంది ఆయన దగ్గరే.

ఆ ఏడాది ఎన్టీఆర్ ప్రభంజనం ఎలా వీచిందో అందరికీ తెలిసిందే. తెలుగుదేశం 201 స్థానాలు గెలిచింది. అంత గాలిలోనూ సిద్దిపేటలో కాంగ్రెస్ నిలబడింది. మదన్ మోహన్‌కు 28,766 ఓట్లు, కేసీఆర్‌కు 27,889. తేడా 877.

మా బాపు దగ్గర ఒక రూళ్ల నోటుబుక్కు ఉండేది. ఆకాశవాణిలో ఫలితాలు చెబుతుంటే అందులో పెన్సిల్‌తో రాసుకునేవాడు. 1983 పేజీలో అంకెలన్నీ పెన్సిల్‌తోనే ఉంటాయి. 877 ఒక్కటే ఎర్ర సిరాతో రాసి, చుట్టూ రెండుసార్లు సున్నా చుట్టి ఉంటుంది. కాగితం అవతలి పక్కకి కూడా ఆ సిరా దిగింది. "రెండు ఊర్ల ఓట్లు అటు పడితే కథ వేరే ఉండు" అనేవాడు. ఇక్కడ ఒక్క ఓటుకు ఎంత విలువ ఉందో పిల్లలకు చెప్పాల్సి వచ్చినప్పుడు నేను ఇప్పటికీ ఆ పేజీనే తీసి చూపిస్తాను.

1985 నుంచి 1999 దాకా ఏం జరిగింది?

1984 ఆగస్టు సంక్షోభం తర్వాత ఎన్టీఆర్ మళ్లీ ప్రజల తీర్పు కోరారు. 1985లో ఎన్నికలొచ్చాయి. రెండేళ్ల కిందట 877 ఓట్లతో ఓడిన కేసీఆర్ ఈసారి 16 వేలకు పైగా మెజార్టీతో గెలిచారు. 1989లో కాంగ్రెస్ రాష్ట్రంలో అధికారంలోకి వచ్చినా సిద్దిపేట తెలుగుదేశంతోనే ఉంది. 1994, 1999లోనూ అంతే. 1999లో మెజార్టీ 27,555.

ఈ కాలంలో ఆయన ఎన్టీఆర్ ప్రభుత్వంలో కరువు సహాయ శాఖ, చంద్రబాబు ప్రభుత్వంలో రవాణా శాఖ చూశారు. సిద్దిపేట వాళ్లను అడిగితే మాత్రం పదవుల కన్నా ముందు మంచినీళ్ల గురించే చెబుతారు. దిగువ మానేరు నుంచి పైపులైన్లతో ఊరూరికీ నీళ్లు తెచ్చిన సిద్దిపేట మంచినీటి పథకం అప్పటిదే. బిందెలతో కిలోమీటర్లు నడిచిన ఆడవాళ్లకు ఇంటి దగ్గర నల్లా వస్తే అది ఓటు మీద ఎంత ప్రభావం చూపిస్తుందో వేరే చెప్పక్కర్లేదు. మిషన్ భగీరథకు నమూనా కూడా ఇదే.

2001లో కేసీఆర్ ఎందుకు రాజీనామా చేశారు?

1999 తర్వాత ఆయనకు మంత్రి పదవి రాలేదు, డిప్యూటీ స్పీకర్ పదవి ఇచ్చారు. పదవి దక్కలేదన్న అసంతృప్తే కారణమని ప్రత్యర్థులు అంటారు. కరెంటు చార్జీల పెంపు, తెలంగాణ రైతుల కష్టాలు కారణమని అనుచరులు అంటారు. నా వరకు, రెండూ ఉన్నాయని అనుకోవడానికి ఇబ్బంది లేదు. మనిషి ఎందుకు బయటికి వచ్చాడన్నది ఒక ప్రశ్న, ఆ మాటను జనం ఎందుకు అందుకున్నారన్నది మరో ప్రశ్న. రెండో ప్రశ్నకు జవాబు 1970 నుంచీ ఇక్కడే ఉంది.

2001 ఏప్రిల్ 27న డిప్యూటీ స్పీకర్ పదవికి, ఎమ్మెల్యే పదవికి, పార్టీకి రాజీనామా చేసి, హైదరాబాద్ జలదృశ్యంలో టీఆర్ఎస్ (తెలంగాణ రాష్ట్ర సమితి) పార్టీని ప్రకటించారు. ఆ సెప్టెంబరులో జరిగిన ఉప ఎన్నికలో 58,712 ఓట్ల మెజార్టీతో గెలిచారు. రెండేళ్ల కిందట అధికార పార్టీ అభ్యర్థిగా వచ్చిన మెజార్టీకి ఇది రెట్టింపు పైనే. మొన్ననే పుట్టిన పార్టీకి అసెంబ్లీలో మొదటి గెలుపు ఇచ్చింది సిద్దిపేట.

2004లో ఎమ్మెల్యేగా కొన్నిచోట్ల కేసీఆర్ పేరు, కొన్నిచోట్ల హరీశ్ రావు పేరు ఉంటుంది. ఏది కరెక్ట్?

రెండూ కరెక్టే. 2004 సాధారణ ఎన్నికల్లో కాంగ్రెస్‌తో పొత్తు పెట్టుకున్న టీఆర్ఎస్ తరఫున కేసీఆర్ సిద్దిపేట అసెంబ్లీకి, కరీంనగర్ లోక్‌సభకు పోటీ చేసి రెండూ గెలిచారు. సిద్దిపేటలో మెజార్టీ 44,668. చట్టం ప్రకారం ఒకరు రెండు పదవుల్లో ఉండకూడదు కాబట్టి లోక్‌సభ ఉంచుకుని అసెంబ్లీ స్థానం వదులుకున్నారు. ఆ ఖాళీకి అదే ఏడాది ఉప ఎన్నిక జరిగింది. మేనల్లుడు హరీశ్ రావు గెలిచారు.

ఎమ్మెల్యే కాకముందే హరీశ్ రావు మంత్రి ఎలా అయ్యారు?

రాజ్యాంగంలోని 164(4) అధికరణ ప్రకారం సభలో సభ్యుడు కానివాళ్లు కూడా మంత్రి కావచ్చు. ఆరు నెలల్లోగా సభకు ఎన్నిక కావాలి, లేదంటే పదవి పోతుంది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి మంత్రివర్గంలో యువజన సర్వీసుల శాఖ తీసుకున్న హరీశ్ రావు ఆ గడువులోగా సిద్దిపేట నుంచి సభలోకి వచ్చారు. 2005లో టీఆర్ఎస్ రాష్ట్ర ప్రభుత్వం నుంచి బయటికి రావడంతో ఆ మంత్రి పదవి ఎక్కువ కాలం నిలవలేదు.

2008 ఉప ఎన్నికల్లో టీఆర్ఎస్ దెబ్బతిన్నది కదా, సిద్దిపేట సంగతేమిటి?

తెలంగాణ ఇవ్వలేదని 16 మంది టీఆర్ఎస్ ఎమ్మెల్యేలు, నలుగురు ఎంపీలు రాజీనామా చేశారు. ఉప ఎన్నికల్లో తిరిగి గెలిచింది 7 అసెంబ్లీ, 2 లోక్‌సభ స్థానాలే. కరీంనగర్‌లో 2006 ఉప ఎన్నికలో రెండు లక్షలు దాటిన కేసీఆర్ మెజార్టీ ఈసారి పదిహేను వేల దగ్గర ఆగింది. పార్టీ పని అయిపోయిందని పత్రికలు రాసిన రోజులవి. అలాంటప్పుడు కూడా సిద్దిపేటలో హరీశ్ రావు మెజార్టీ 58,935. నన్నడిగితే 2018లో వచ్చిన 1,18,699 మెజార్టీ కన్నా ఇదే పెద్ద గెలుపు. అందరూ గెలిచేటప్పుడు వచ్చే మెజార్టీ వేరు, చుట్టుపక్కల కోటలన్నీ కూలుతున్నప్పుడు నిలబడటం వేరు.

2009లో తెలుగుదేశంతో కలిసి మహాకూటమిలో టీఆర్ఎస్ 45 చోట్ల పోటీ చేసి 10 మాత్రమే గెలిచినప్పుడూ ఇదే పరిస్థితి. హరీశ్ రావుకు 64,677 మెజార్టీ వచ్చింది.

కేసీఆర్ ఆమరణ దీక్షకు సిద్దిపేటకు సంబంధం ఏమిటి?

దీక్ష జరగాల్సింది ఇక్కడే. 2009 నవంబరు 29న సిద్దిపేట దగ్గర రంగధాంపల్లిలో దీక్షా శిబిరం సిద్ధం చేశారు. కరీంనగర్ నుంచి బయలుదేరిన కేసీఆర్‌ను పోలీసులు అలుగునూరు దగ్గర ఆపి అరెస్టు చేసి ఖమ్మం తీసుకెళ్లారు. ఇక్కడ వేసిన వేదిక ఖాళీగా ఉండిపోయింది. పదకొండో రోజున, డిసెంబరు 9 రాత్రి, తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని కేంద్ర హోంమంత్రి చిదంబరం ప్రకటించారు. ఆ నెలాఖరుకే కేంద్రం వెనక్కి తగ్గింది.

మరి 2010 ఉప ఎన్నిక?

ఆ వెనకడుగుకు జవాబు అది. టీఆర్ఎస్ ఎమ్మెల్యేలు, నిజామాబాద్ అర్బన్ బీజేపీ ఎమ్మెల్యే యెండల లక్ష్మీనారాయణ, వేములవాడ తెలుగుదేశం ఎమ్మెల్యే చెన్నమనేని రమేశ్ రాజీనామా చేస్తే, జులై 27న 12 స్థానాల్లో ఉప ఎన్నికలు జరిగాయి. 11 టీఆర్ఎస్, 1 బీజేపీ గెలిచాయి. కాంగ్రెస్‌కు, తెలుగుదేశానికి ఒక్కటీ రాలేదు. సిద్దిపేటలో హరీశ్ రావుకు 1,08,779 ఓట్లు, రెండో స్థానంలో ఉన్న కాంగ్రెస్ అభ్యర్థికి 12,921. మెజార్టీ 95,858.

ఆరేళ్లలో అయిదోసారి ఓటేయడానికి వచ్చిన జనం వాళ్లు. విసుగొచ్చి ఇంట్లో కూర్చున్నా తప్పు పట్టలేం. అయినా నాట్లు వేసే కాలంలో, పొలం పని మధ్యలో వదిలి, కాళ్లకు బురదతోనే వచ్చి లైన్లో నిలబడ్డారు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె నిండుతుంది.

సిద్దిపేటలో అత్యధిక మెజార్టీ ఎంత? రెండో స్థానంలో ఉన్నవాళ్లకు కూడా డిపాజిట్ పోయిందన్నది నిజమేనా?

అత్యధిక మెజార్టీ 2018లో, 1,18,699. ఆ ఎన్నికల్లో రాష్ట్రం మొత్తానికీ అదే ఎక్కువ.

డిపాజిట్ సంగతి కూడా నిజం. లెక్క వేసి చూద్దాం. చెల్లిన ఓట్లలో ఆరో వంతు కన్నా ఎక్కువ రాకపోతే డిపాజిట్ పోతుంది. 2018లో హరీశ్ రావుకు 1,31,295, తర్వాతి అభ్యర్థికి 12,596. మిగతా అభ్యర్థులను పక్కన పెట్టి ఈ ఇద్దరి ఓట్లే కలిపినా 1,43,891. దీనిలో ఆరో వంతు దాదాపు 24 వేలు. వచ్చింది అందులో సగం. 2014లో హరీశ్ రావుకు 1,08,699, కాంగ్రెస్‌కు 15,371. ఇదే లెక్కన ఆరో వంతు 20 వేలు దాటుతుంది. 2010లోనూ అంతే. అంటే వరుసగా మూడు ఎన్నికల్లో ఇక్కడ రెండో స్థానానికి కూడా డిపాజిట్ దక్కలేదు.

మెజార్టీలు పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త. 2009కి ముందు, తర్వాత హద్దులు ఒకటి కావు, ఓటర్ల సంఖ్యా ఒకటి కాదు. 1985 నాటి 16 వేలను 2018 నాటి 1.18 లక్షల పక్కన పెట్టి ఏడు రెట్లు పెరిగిందనడం సరైన లెక్క కాదు.

2023లో ఫలితం ఏమిటి?

నవంబరు 30న పోలింగ్, డిసెంబరు 3న లెక్కింపు. టీఆర్ఎస్ పేరు అప్పటికి బీఆర్ఎస్ (భారత్ రాష్ట్ర సమితి)గా మారింది. హరీశ్ రావుకు 1,05,514 ఓట్లు, కాంగ్రెస్ అభ్యర్థి పూజల హరికృష్ణకు 23,206. మెజార్టీ 82,308. రాష్ట్రంలో మాత్రం బీఆర్ఎస్ 39 స్థానాలకు పడిపోయింది, కాంగ్రెస్ 64తో అధికారంలోకి వచ్చింది. 2018తో చూస్తే ఇక్కడ హరీశ్ రావుకు 25,781 ఓట్లు తగ్గాయి. గెలుపు పెద్దదే, కానీ ఆ తగ్గుదలను పట్టించుకోకపోవడం పొరపాటు అవుతుంది.

1985 నుంచి ఒకే కుటుంబం గెలుస్తోంది. ఇది మంచిదేనా?

కేసీఆర్ ఆరుసార్లు, హరీశ్ రావు ఏడుసార్లు. మొత్తం 13 గెలుపులు, మధ్యలో ఒక్క ఓటమి లేదు. ఈ ప్రశ్న అడిగితే ఊళ్లో కొందరికి కోపం వస్తుంది, అయినా దాటవేయడం నాకు ఇష్టం లేదు.

లాభపడ్డాం, అది కళ్లముందే ఉంది. కోమటి చెరువు, వైద్య కళాశాల, చంద్లాపూర్ దగ్గర రంగనాయక సాగర్ జలాశయం, సొంత జిల్లా. ఎమ్మెల్యే పిలిస్తే పలుకుతాడన్న పేరూ ఉంది. అయితే డిపాజిట్ కూడా దక్కని ప్రతిపక్షం ఉన్నచోట ఎమ్మెల్యేని నిలదీసి ప్రశ్నించేవాళ్లు తగ్గిపోతారు. వార్డులో డ్రైనేజీ గురించి గట్టిగా అడగాలన్నా జనం అటూ ఇటూ చూస్తారు. 1983లో 877 ఓట్ల పోటీ జరిగిన ఊరు ఇది. ఇప్పుడు కూడా గట్టి పోటీ ఉంటే గెలిచేవాళ్లకే మేలు జరుగుతుందని నేను నమ్ముతున్నాను.

కేసీఆర్ ఇప్పుడు సిద్దిపేట ఓటరేనా?

ఆయన సొంతూరు చింతమడక ఈ నియోజకవర్గంలోనే ఉంది. 2014 నుంచి గజ్వేల్‌లో పోటీ చేస్తున్నా, 2018లోనూ 2023లోనూ ఓటేయడానికి చింతమడకకే వచ్చారు.

సిద్దిపేట పేరుతో లోక్‌సభ నియోజకవర్గం కూడా ఉండేదా?

ఉండేది. ఎస్సీలకు రిజర్వు చేసిన స్థానం. జి. వెంకటస్వామి, నంది ఎల్లయ్య, మల్యాల రాజయ్య, సర్వే సత్యనారాయణ వంటివాళ్లు ఇక్కడి నుంచి ఎంపీలుగా గెలిచారు. 2008 పునర్విభజనతో అది రద్దయింది. ఇప్పుడు సిద్దిపేట అసెంబ్లీ స్థానం మెదక్ లోక్‌సభ కింద ఉంది. పాత జాబితాల్లో "సిద్దిపేట (ఎస్సీ)" అని కనిపిస్తే అది లోక్‌సభ స్థానం. అసెంబ్లీ స్థానం రిజర్వుడు అనుకుని పరీక్షల్లో మార్కులు పోగొట్టుకోకండి.

మా ఊరి బూత్‌లో ఎవరికి ఎన్ని ఓట్లు వచ్చాయో ఎలా తెలుసుకోవాలి?

ఎన్నికల సంఘం ప్రతి ఎన్నిక తర్వాత ఫారం 20 అనే పట్టిక పెడుతుంది. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో నియోజకవర్గం నంబరు 33 ఎంచుకుంటే దొరుకుతుంది. ఎడమ పక్క పోలింగ్ కేంద్రం నంబరు, తర్వాత వరుసగా అభ్యర్థుల ఓట్లు, చివర్లో నోటా, మొత్తం. బూత్ నంబరు మన ఓటరు స్లిప్ మీద ఉంటుంది. బూత్‌ల హద్దులు మారుతుంటాయి కాబట్టి, రెండు ఎన్నికలు పోల్చాలంటే ఆ ఏడాది పోలింగ్ కేంద్రాల జాబితా కూడా పక్కన పెట్టుకోండి. మొదటిసారి మా బూత్ వరుస వెతికి, వేలు పెట్టి చూసినప్పుడు, మా వాడకట్టు మొత్తం ఒక్క గీత మీద కనిపించింది. అందులో ఒక ఓటు నాది.